రేపటికి ఎంత పెరుగు తోడు వెయ్యాలి? ఒక డెయిరీ ప్రాజెక్టు డైరీ

2025 జూన్ చివర

గోదావరి జిల్లాల్లో ఒక ప్రైవేటు డెయిరీకి పెరుగు లెక్క తయారుచేసే పని మొదలుపెట్టాను. ఇక్కడి నుంచి రోజుకి రెండు టన్నుల పైచిలుకు పెరుగు బయటికి వెళ్తుంది. అర కేజీ, కేజీ ప్యాకెట్లు కిరాణా కొట్లకీ పాల బూత్‌లకీ, పది కేజీల బకెట్లు క్యాటరింగ్ వాళ్లకీ. యజమాని అడిగింది ఒకే ఒక్క మాట: "రేపటికి ఎంత పెరుగు తోడు వెయ్యాలో కంప్యూటర్ చెప్తుందా?"

చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ కాదు. పాల ప్యాకెట్ అయితే సాయంత్రం ఏజెంట్ల ఇండెంట్లు, అంటే ఆర్డర్లు, వచ్చాక రాత్రికి ప్యాక్ చేసుకోవచ్చు. పెరుగుకి ఆ వెసులుబాటు లేదు. పాలు 85, 90 డిగ్రీల దాకా వేడిచేసి, 42, 43కి చల్లార్చి, కల్చర్ (తోడు) కలిపి, ప్యాక్ చేసి, వెచ్చగా ఉండే ఇంక్యుబేషన్ రూములో నాలుగైదు గంటలు ఉంచాలి. పులుపు కొలత పీహెచ్ 4.6 దగ్గరికి వచ్చాక కోల్డ్ రూముకి మార్చాలి. అది పూర్తిగా చల్లబడి గట్టిపడాలి. తెల్లవారుజామున రెండింటికి మొదటి వ్యాను బయల్దేరుతుంది. వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే, మధ్యాహ్నం పన్నెండు లోపు ఎన్ని పాలు పెరుగు వైపు మళ్లించాలో తేలిపోవాలి. ఏజెంట్లు ఫోన్ చేసేదేమో సాయంత్రం అయిదు దాటాక. అంటే ఆర్డరు రాకముందే సరుకు తయారైపోతుంది.

ఆ నిర్ణయం ప్రొడక్షన్ మేనేజర్ గారిది. పదకొండున్నరకి టేబుల్ దగ్గర కూర్చుంటారు. కోల్డ్ రూములో నిన్నటి మిగులు ఎంతో అడుగుతారు, గోడ మీద పంచాంగం క్యాలెండర్ చూస్తారు, కిటికీలోంచి ఆకాశం చూస్తారు, కాగితం మీద ఒక అంకె రాస్తారు. రెండు నిమిషాల పని. "ఎలా వచ్చిందండీ ఆ అంకె?" అని అడిగితే, "అలవాటండీ" అన్నారు.

జులై మొదట్లో

పక్కన కూర్చుని చూస్తుంటే అది ఉత్త అలవాటు కాదని అర్థమైంది. పొద్దున ఏడింటి నుంచే ఆయన పని మొదలవుతుంది. తిరిగొచ్చిన వ్యాను డ్రైవర్లతో మాట్లాడతారు. ఏ రూట్లో ప్యాకెట్లు మిగిలాయి, ఏ ఊళ్లో జాతర, ఎక్కడ రోడ్డు తవ్వేశారు అన్నీ అప్పుడే తెలుస్తాయి. నిర్ణయాల మీద పరిశోధన చేసిన హెర్బర్ట్ సైమన్ 1960లో నిర్ణయాన్ని మూడు దశలుగా విడదీశాడు: విషయం పసిగట్టడం, దారులు ఆలోచించడం, ఒకటి ఎంచుకోవడం. పదకొండున్నరకి నేను చూసిన రెండు నిమిషాలూ మూడో దశ మాత్రమే. మొదటి దశ పొద్దున్నుంచీ నడుస్తూనే ఉంది. కంప్యూటర్‌ని తెచ్చి ఆ చివరి రెండు నిమిషాల దగ్గర కూర్చోబెడితే, దాని వెనకున్న నాలుగు గంటల సమాచారం బయటే ఉండిపోతుంది.

గోరీ, స్కాట్ మోర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 1971లో చేసిన విభజన కూడా ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది. కొన్ని నిర్ణయాలకి సూత్రం ఉంటుంది, జీతం బిల్లు లాగ. కొన్నింటికి అసలు ఉండదు, కొత్త ఊళ్లో ప్లాంటు పెట్టాలా వద్దా అన్నట్టు. మధ్యలో సగం సూత్రం, సగం మనిషి తెలివి కలిసినవి ఉంటాయి. మేనేజర్లకి సాయపడే కంప్యూటర్ వ్యవస్థలు పుట్టింది ముఖ్యంగా ఆ మధ్య భాగం కోసం. పెరుగు లెక్క అచ్చంగా అలాంటిది. అందుకని యజమానికి మొదటే చెప్పాను: కంప్యూటర్ అంకె చెప్తుంది, నిర్ణయం మాత్రం మేనేజర్ గారిదే. యజమాని కొంచెం నిరాశపడ్డారు. నేను మాత్రం ఈ మాట మీద గట్టిగానే ఉన్నాను.

జులై రెండో వారం

డేటా. డెయిరీలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో బోలెడు రిపోర్టులున్నాయి. రూట్ వారీ, ఏజెంట్ వారీ, బాకీల వారీ. మేనేజర్ గారు వాటిలో ఒక్కటీ తెరవరు. మేనేజర్లకి సమాచారం తక్కువై కాదు, అక్కర్లేనిది ఎక్కువై ఇబ్బంది అని మేనేజ్‌మెంట్ పరిశోధకుడు రసెల్ ఎకాఫ్ 1967లోనే రాశాడు. ఆ రిపోర్టుల లిస్టు చూస్తే అదే గుర్తొచ్చింది.

నాకు కావలసినవి మూడే: ఇండెంట్ ఎంత, పంపింది ఎంత, మిగిలింది ఎంత. మూడేళ్లవి దొరికాయి. అసలు చిక్కు అక్కడే బయటపడింది. షార్టేజీ వచ్చిన రోజు అమ్మకం అంకె చూస్తే మన దగ్గరున్న సరుకు ఎంతో తెలుస్తుంది, జనానికి ఎంత కావాలో తెలియదు. సరే, ఇండెంట్ చూద్దామంటే అది ఇంకో గొడవ. ఎండాకాలంలో డెయిరీ అడిగినదాంట్లో కోత పెడుతుందని ఏజెంట్లకి తెలుసు. ఎనిమిది క్రేట్లు కావలసిన ఏజెంటు పన్నెండు చెప్తాడు, కోసేస్తే ఎనిమిదైనా వస్తాయని. ఇది మన ఏజెంట్ల తెలివే కాదు. కొరత భయం వల్ల ఆర్డర్లు ఉబ్బడం, ఆ ఉబ్బు సరఫరా గొలుసులో పైకి పోతున్నకొద్దీ పెద్దదవడం గురించి 1997లో హావు లీ, పద్మనాభన్, వాంగ్ అనే పరిశోధకులు వివరంగా రాశారు.

కాబట్టి కోత పడిన రోజుల్ని వేరే రంగులో గుర్తుపెట్టాను. ఆ రోజుల అసలు గిరాకీని అదే ఏజెంటు కోత లేని రోజుల్లో ఎంత తీసుకున్నాడో చూసి అంచనా కట్టాను. పక్కా లెక్క కాదు గానీ, ఉన్నదాన్ని ఉన్నట్టు వాడటం కంటే చాలా నయం.

జులై చివర, శ్రావణం మొదలు

ఈ భాగం మీద చాలా సమయం పెట్టాను, పెట్టాలి కూడా. బయట దొరికే సాఫ్ట్‌వేర్ చాలావరకు "పోయిన ఏడాది ఇదే తేదీ" అని పోలుస్తుంది. మన గిరాకీ మాత్రం తిథిని బట్టి నడుస్తుంది. వరలక్ష్మీ వ్రతం 2023లో ఆగస్టు 25, 2024లో ఆగస్టు 16, 2025లో ఆగస్టు 8. పైగా 2023లో అధిక శ్రావణం వచ్చింది, జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా. ఆ నెలలో పెళ్లిళ్లు లేవు, నోములు లేవు. క్యాలెండర్ తేదీల ప్రకారం సగటు తీస్తే ఖాళీ నెలనీ పండుగ నెలనీ కలిపి అంబలి చేసినట్టే.

2024 వేసవి ఇంకా పెద్ద ఉదాహరణ. మూఢం వల్ల మే, జూన్‌లలో ముహూర్తాలు లేవు. బకెట్ పెరుగు అమ్మకం పడిపోయింది. ఆ సంగతి తెలియని లెక్క 2025 మే నెలకి తక్కువ అంచనా ఇస్తుంది. అందుకే టేబుల్లో ప్రతి రోజుకీ తేదీతో పాటు మాసం, తిథి, వారం, ముహూర్తం ఉందా లేదా అన్న గడులు పెట్టాను. సంక్రాంతి ఒక్కదానికి ఇబ్బంది లేదు, అది సూర్యుణ్ణి బట్టి వస్తుంది కాబట్టి జనవరి నడిమికే ఉంటుంది. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, దానికి వేరే గడి.

మేనేజర్ గారితో కూర్చుని ఈ గడులు నింపుతుంటే ఆయన చెప్పిన మాటలు ఏ రిపోర్టులోనూ లేవు. ఆదివారం ప్యాకెట్ పెరుగు ఎందుకు పెరుగుతుంది? బిర్యానీలోకి పెరుగు చట్నీ. మరి కార్తీక మాసంలో ఆదివారం ఎందుకు తగ్గుతుంది? మాంసం మానేస్తారు కాబట్టి. అదే ఆదివారం బకెట్లు మాత్రం లేస్తాయి, వనభోజనాలుంటాయి. ఒకే రోజున ప్యాకెట్ కిందకీ బకెట్ పైకీ. రెండూ కలిపి "పెరుగు, కేజీలు" అని ఒకే వరుసలో రాసుకున్నన్నాళ్లూ ఇది కనపడదు. ఆ రోజే రెండు లెక్కలూ విడదీశాను. బకెట్లు చాలావరకు ముందే బుక్ అవుతాయి కాబట్టి వాటికి అంచనా అక్కర్లేదు, ఆర్డరు పుస్తకం చాలు. అంచనా పని ప్యాకెట్లకే మిగిలింది.

ఆగస్టు మొదటి వారం

మోడల్ అని పెద్ద పేరు పెట్టనక్కర్లేదు. పోయిన కొన్ని వారాల్లో అదే వారం రోజు సగటు, దాని మీద మాసానికీ పండగకీ ఎండకీ వానకీ కలుపుళ్లు, తీసివేతలు. పైథాన్‌లో చిన్న ప్రోగ్రాము, ఫలితం ఒక ఎక్సెల్ షీట్లోకి. ఇంతకంటే బరువైన పద్ధతులు కూడా వాడొచ్చు. కానీ ఆ అంకె ఎందుకు వచ్చిందో మేనేజర్ గారికి ఒక్క వాక్యంలో చెప్పలేని పద్ధతి ఇక్కడ నిలబడదు.

మేనేజ్‌మెంట్ పరిశోధకుడు జాన్ లిటిల్ 1970లో ఇదే చెప్పాడు. మేనేజర్లు మోడళ్లని వాడకపోవడానికి ఉన్న కారణాల్లో అవి అర్థంకాకపోవడం ఒకటి అన్నాడు. మోడల్ సులువుగా ఉండాలి, పిచ్చి అంకెలు ఇవ్వకూడదు, మేనేజరు చేతిలో ఉండాలి, కొత్త సంగతి తెలిస్తే మారాలి, ముఖ్యమైనవి వదలకూడదు, దానితో మాట్లాడటం తేలిక కావాలి. అర్ధశతాబ్దం దాటినా ఈ జాబితాలో తీసెయ్యాల్సింది నాకేమీ కనపడలేదు. షీట్లో అంకె కిందే అది ఎలా కూడిందో తెలుగులో వస్తుంది: "శుక్రవారాల సగటు ఇంత, శ్రావణానికి ఇంత కలిపాం, వానకి ఇంత తీశాం."

ఆగస్టు, వరలక్ష్మీ వ్రతం తర్వాత

ఈ వారం కంప్యూటర్ పని కంటే మాటలే ఎక్కువ నడిచాయి. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించిన భాగం ఇదే.

అంచనా ఒకటి, నిర్ణయం ఒకటి. రేపు 1,800 కేజీలు పోతుందని అంచనా అయితే 1,800 కేజీలే వెయ్యాలని లేదు. తక్కువైతే ఎంత నష్టం, ఎక్కువైతే ఎంత నష్టం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆర్థికవేత్త ఎడ్జ్‌వర్త్ 1888లో బ్యాంకు ఎంత నగదు దగ్గర పెట్టుకోవాలి అన్న లెక్కకి ఇదే ఆలోచన వాడాడు. పేపర్ కుర్రాడు పొద్దున్న ఎన్ని పేపర్లు కొనుక్కోవాలి అన్న ఉదాహరణతో కాలేజీల్లో చెప్తారు. షార్టేజీ నష్టాన్ని, రెండు నష్టాల మొత్తంతో భాగించాలి. వచ్చిన భాగం 0.9 అయితే, పదిలో తొమ్మిది రోజులు సరుకు సరిపోయేలా చూసుకోవాలి.

కేజీ మిగిలితే నష్టం తేల్చడం సులువే. డేటు పాతబడితే ఏజెంట్లు తీసుకోరు, హోటళ్లకి రేటు తగ్గించి ఇవ్వాలి. లెక్క కోసం 6 రూపాయలు అనుకున్నాం. షార్టేజీ దగ్గర పేచీ వచ్చింది. అకౌంట్స్ వాళ్లు లాభం పోయినంతే నష్టం అన్నారు. మార్కెటింగ్ ఇన్‌చార్జి ఒప్పుకోలేదు. "మన పెరుగు లేకపోతే ఏజెంటు పక్క కంపెనీది పెట్టుకుంటాడండీ. ఇవాళ పెరుగు, రేపు పాలు. వెళ్లిపోయిన ఏజెంటుని మళ్లీ తెచ్చుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు." ఆయన లెక్కన అసలు షార్టేజీయే రాకూడదు.

అప్పుడు లెక్కని తిరగేసి అడిగాను. "పదిలో తొమ్మిది రోజులు సరిపోవాలంటే, ఒక్క కేజీ షార్టేజీ ఖరీదు 54 రూపాయలని మీరు ఒప్పుకున్నట్టే. అంత ఉంటుందా?" కేజీ పెరుగు మీద 54 రూపాయల నష్టం అనేసరికి ఇన్‌చార్జి గారు ఆగారు. "అంత లేదులెండి" అన్నారు. అయిదులో నాలుగు రోజులు అంటే 24 రూపాయలు అవుతుంది. లాభం కొంత, ఏజెంటు అలకకి కొంత. మేనేజర్ గారు, ఇన్‌చార్జి గారు, అకౌంట్స్ వాళ్లు ముగ్గురూ దానికి సరే అన్నారు. ఇన్నేళ్లూ ముగ్గురి మనసుల్లో మూడు వేర్వేరు ధరలు ఉండేవి, పొద్దున్న గొడవలన్నీ వాటి వల్లే వచ్చేవి. ఇప్పుడు షీట్లో పైన ఒక గడిలో "షార్టేజీ: 24, మిగులు: 6" అని కనిపిస్తుంది. మార్చాలంటే ముగ్గురూ కూర్చుని మార్చాలి. ప్రోగ్రాము మొత్తం తీసేసి ఈ ఒక్క గడి ఉంచినా ఈ డెయిరీకి మేలే జరుగుతుందని నా నమ్మకం.

సెప్టెంబరు

ఇప్పుడు రోజూ నాలుగు గడులు నిండాలి. మొదటిది మేనేజర్ గారి అంకె, షీటు చూడకముందే రాయాలి. రెండోది షీటు అంకె. మూడోది చివరికి వేసినది. నాలుగోది కారణం.

ముందు రాయాలన్న నియమం నా పట్టు. షీటు అంకె చూశాక మనిషి ఆలోచన దాని చుట్టూనే తిరుగుతుంది, ఆయనకి తెలిసిన సంగతి మనకి తెలియకుండా పోతుంది. మేనేజర్ గారికి ఇది మొదట్లో పరీక్షలా అనిపించి టెన్షన్ పడ్డారు. "సార్, ఇది మీ మీద నిఘా కాదు. మీకు తెలిసి, షీటుకి తెలియనిది ఏంటో పట్టుకోవడానికే" అని చెప్పాను. యజమానికి కూడా చెప్పాను, ఈ గడులతో ఎవరి జీతమూ తూకం వెయ్యకూడదని. ఆయన మాటిచ్చారు. ఆ మాట లేకపోతే కారణం గడిలో నిజం రాదు.

షీటు అంకెని మార్చే హక్కు ఆయనకి పూర్తిగా ఉంది. డీట్‌వోర్స్ట్, సిమన్స్, మాసీ అనే పరిశోధకులు 2015లో చూపించిందేమిటంటే, మనుషులు యంత్రం ఒక్కసారి తప్పు చెయ్యడం చూస్తే దాన్ని వదిలేస్తారు, తాము అంతకంటే ఎక్కువ తప్పులు చేస్తున్నా సరే. వాళ్లే 2018లో ఇంకోటి చూపించారు: కాస్త మార్చుకునే వీలిస్తే చాలు, వాడటానికి ఒప్పుకుంటారు. ఇక్కడా అంతే. మొదట్లో ఆయన రోజూ ఎంతోకొంత మార్చేవారు. నెల చివరికి చాలా రోజులు షీటు అంకెనే ఉంచేస్తున్నారు.

అక్టోబరు మొదట

కారణం గడి చదవడమే ఇప్పుడు నా ముఖ్యమైన పని. మార్పుల్ని రెండు కుప్పలుగా పోశాను, చిన్నవి, పెద్దవి. యాభై, అరవై కేజీల చిన్న మార్పులకి కారణం గడిలో "అనిపించింది", "చూద్దాం" లాంటివే ఉన్నాయి. వాటి వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. పెద్ద మార్పులకి గట్టి కారణాలున్నాయి: "ఆ రూట్లో వంతెన మూసేశారు", "కాలేజీ హాస్టల్ సెలవులు". తగ్గించిన పెద్ద మార్పులు ఎక్కువగా సరైనవే. పెంచినవి చాలాసార్లు మిగులుగా తేలాయి, ముఖ్యంగా మార్కెటింగ్ వైపు నుంచి వచ్చినవి. ఫిల్డ్స్, గుడ్విన్ అనే పరిశోధకులు, వాళ్ల సహచరులు నాలుగు కంపెనీల్లో 60,000కు పైగా అంచనాలు చూసి 2009లో చెప్పింది కూడా ఇదే. చిన్న సవరణలు వృథా, పైకి చేసినవాటిలో ఆశ ఎక్కువ, కిందకి చేసిన పెద్దవాటిలో సమాచారం ఉంటుంది. అంత దూరంలో తేలిన సంగతి మన ప్యాకెట్ పెరుగులో కూడా కనపడటం నాకు చాలా సంతోషాన్నిచ్చింది.

దీన్ని బట్టి ఒక మార్పు చేశాం. చిన్న సవరణకి అనుమతి అలాగే ఉంది, కానీ "ఏ సంగతి తెలిసి మారుస్తున్నారు?" అని షీటు అడుగుతుంది. జవాబు లేకపోతే మేనేజర్ గారే వదిలేస్తున్నారు.

నవంబరు మొదటి వారం

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. 27 కార్తీక సోమవారం. షీటు మామూలు అంకె ఇచ్చింది, వానకి కొంచెం తీసి. దానికి తెలిసింది అంతే. మేనేజర్ గారు దాన్ని పక్కన పెట్టి తీరం వైపు రూట్ల పెరుగంతా ఆపేశారు, ఆ పాలని పాల ప్యాకెట్ల వైపు మళ్లించారు. కారణం: "కరెంటు పోతే ఫ్రిజ్‌లు ఉండవు, కొట్లవాళ్లు పెరుగు తీసుకోరు. పిల్లలున్నవాళ్లు పాలు ముందే కొనిపెట్టుకుంటారు. 2023లో మిచాంగ్‌కి ఇలాగే అయింది." పాత డేటాలో చూస్తే 2023 డిసెంబరు 5 చుట్టూ అంకెలు నిజంగానే తలకిందులై ఉన్నాయి, పక్కన కారణం మాత్రం ఎవరూ రాయలేదు. ఇప్పుడు ఆ వరుసలకి ఆయన చేతే కారణం రాయించాను. వచ్చే తుపానుకి షీటు అంకె ఇవ్వదు, "పాత తుపాను రోజులు చూడండి" అని ఈ వరుసలు తెరుస్తుంది.

డిసెంబరు

మేనేజర్ గారు మాల వేసుకున్నారు, శబరిమల వెళ్లివచ్చారు. ఆయన లేనన్నాళ్లూ నిర్ణయం షిఫ్ట్ ఇన్‌చార్జి మేడమ్‌ది. ఇదివరకు ఇలాంటప్పుడు పదకొండున్నరకి ఆయనకే ఫోన్ వెళ్లేదట. ఈసారి ఆమె కారణాల గడి వెనక్కి తిప్పి చదువుకుని తన అంకె తాను రాశారు. ఒక రోజు షీటు కంటే బాగా తగ్గించి, "డిగ్రీ పరీక్షలు అయిపోయాయి, హాస్టళ్లు ఖాళీ" అని రాశారు. అక్టోబరులో మేనేజర్ గారు రాసిన హాస్టల్ సెలవుల కారణం చూసే ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. సాయంత్రం ఇండెంట్లు ఆమె అంకెకే దగ్గరగా వచ్చాయి.

ఇక ముందున్నది సంక్రాంతి. భోగి జనవరి 14, పండగ 15, కనుమ 16. హైదరాబాద్ నుంచి జనమంతా ఇటు వస్తారు, మామూలు సగటులు పనికిరావు. మా దగ్గరున్నవి మూడంటే మూడు సంక్రాంతులు. మూడింటితో లెక్క కట్టి ఒక అంకె చూపిస్తే దానికి లేని గౌరవం ఇచ్చినట్టవుతుంది. అందుకని ఆ వారం షీటులో సిఫారసు గడి ఖాళీగా ఉంచాలని అనుకున్నాం. మూడేళ్ల రోజువారీ అంకెలూ షార్టేజీలూ పక్కపక్కనే చూపిస్తాం, అంకె మేనేజర్ గారే పెడతారు.

ఆయనకున్న భయం మాత్రం అమ్మకం వైపు కాదు, పాల వైపు. పండగకి రైతులు ఇళ్లలోకి పాలు ఉంచుకుంటారు, కేంద్రాలకి తక్కువ పోస్తారు. గిరాకీ పెరిగే రోజునే పాలు తగ్గుతాయి. బల్క్ కూలర్ల (సేకరించిన పాలు చల్లగా నిలవ ఉంచే ట్యాంకుల) వారీగా జనవరి రోజువారీ లీటర్లు ఇమ్మని సేకరణ విభాగాన్ని అడిగాను, సోమవారం ఇస్తామన్నారు.